డెల్టా తేమలో డబుల్ బ్యారెల్ తుపాకీ

కోనసీమలో తుపాకీ కాల్చినందువల్ల పాడవదు, కాల్చకుండా మూల పెట్టినందువల్ల పాడవుతుంది. మా వైపు లైసెన్సు తుపాకీల్లో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి పేలనివే. రొయ్యల చెరువుల కాపలా కోసం తీసుకున్నవి, బ్యాంకుల ముందు నిలబడే మాజీ సైనికుల భుజాన ఉన్నవి, తాతల నుంచి వారసత్వంగా వచ్చినవి, దాదాపు అన్నీ పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీలే. నేను సైన్యంలో ఉండగా కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో పనిచేశాను. బయటికి వచ్చాక అమలాపురంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర గన్‌మ్యాన్‌గా ఉన్నాను. రాజస్థాన్ ఎడారిలో పల్చగా నూనె పూసి పెట్టిన గొట్టం నెలల తరబడి చెక్కు చెదరకుండా ఉండేది. ఇక్కడ, చెమట చేత్తో పట్టుకుని తుడవకుండా పెడితే, మర్నాటికల్లా వేళ్ల గుర్తులు ఎర్రగా తేలతాయి.

గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుముకు తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. మన దగ్గర వానాకాలం మొత్తం అంతకంటే ఎక్కువే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ నేలలో కాలువలు, బోదెలు, వరి చేలు, ఇప్పుడు చేపల చెరువులు. ఎటు చూసినా నీళ్లే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉన్నవారికి దీనికి తోడు ఉప్పు గాలి. అందుకే ఎక్కడో పొడి ప్రాంతాల వాళ్లు చెప్పిన పద్ధతులు ఇక్కడ సరిపోవు.

అన్నిటికంటే ముందు తోలు కవరు సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక కుర్రాడు తాతగారి తుపాకీ తన పేరుకు మార్పించుకుని, చూడమని నా దగ్గరికి తెచ్చాడు.

"తాతగారు చాలా భద్రంగా దాచారండీ, కవరులోంచి అసలు తీసేవారే కాదు" అన్నాడు.

"అదే బాబూ వచ్చిన చిక్కు" అన్నాను.

కవరు విప్పి చూస్తే, లోపలి కుట్టు ఎక్కడెక్కడ గొట్టానికి ఆనుకుని ఉందో అక్కడల్లా కుట్టు ఆకారంలోనే తుప్పు గీత పడి ఉంది. ఒక్కొక్క కుట్టు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. తోలు పదును చేసేటప్పుడు వాడే లవణాలు అందులో మిగిలి ఉంటాయి. అవి గాలిలోని తేమను లాగి ఇనుముకు అంటిస్తాయి. లోపల స్పాంజి ఉన్న రెక్సిన్ కవర్లూ అంతే, ఒకసారి తడి చేరితే విడవవు. కవరు తుపాకీని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడానికి మాత్రమే. ఇంటికి రాగానే తుపాకీ బయటికి రావాలి, కవరు విడిగా ఎండలో ఆరాలి.

ఇక శుభ్రం చేసే పద్ధతి. మొదట తుపాకీని మడిచి రెండు చాంబర్లూ (తూటాలు కూర్చునే చోట్లు) ఖాళీగా ఉన్నాయో లేదో కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. మీరే ఖాళీ చేసి పెట్టినా సరే, ప్రతిసారీ చూడండి. తూటాల పెట్టె వేరే గదిలో ఉండాలి, ఇంట్లో పిల్లలు దగ్గర ఉండకూడదు. ఆ తరువాత ముందు చెక్క ఊడదీసి, గొట్టాలను కీలు మీద నుంచి తప్పించి, మూడు భాగాలుగా పాత దుప్పటి మీద పరచండి. ఈ మూడు భాగాలకు మించి విప్పకండి. లోపలి తాళాల (తుపాకీని పేల్చే యంత్రాంగం) మరలకు గాట్లు చాలా సన్నగా ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే గాటు చితికిపోతుంది, మళ్లీ ఆ మర ఊడిరాదు. లోపల స్ప్రింగు విరిగినా, గుర్రం (తూటాను పేల్చే సుత్తి) సరిగ్గా నిలబడకపోయినా లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారు దగ్గరికే తీసుకెళ్లాలి.

గొట్టాలను తెల్లటి గోడ వైపో, ఆకాశం వైపో పెట్టి వెనక నుంచి చూడండి. లోపల అద్దంలా మెరుస్తూ వరసగా వెలుగు వలయాలు కనిపిస్తే మంచిది. ఒక చోట వలయం నల్లగా, వంకరగా విరిగితే అక్కడ సొట్ట ఉన్నట్టు. పూర్తి వలయం నీడలా కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బినట్టు. ఉబ్బిన గొట్టంతో కాల్చకూడదు. తుప్పు గుంటలు ఎక్కువగా చాంబరు ముగిసి గొట్టం సన్నబడే చోట మొదలవుతాయి, అక్కడ వెలుతురు సరిగా పడదు కాబట్టి చిన్న టార్చి వాడండి. ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. గొట్టాల కింది కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి, వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఖంగుమని చాలాసేపు మోగితే రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండలా బొదబొదమంటే అతుకు ఎక్కడో ఊడి, లోపలికి నీళ్లు దిగుతున్నట్టు. పైకి నున్నగా కనిపించే తుపాకీ లోపల పట్టీ కింద తినేసి ఉండటం డెల్టాలో మామూలే.

తుడవడం ఎప్పుడూ వెనక నుంచి ముందుకే. కర్ర గజం (గుడ్డను గొట్టంలోకి తోసే కడ్డీ) గాని, ప్లాస్టిక్ తొడుగు ఉన్న గజం గాని వాడండి. ఒట్టి ఇనుప చువ్వ గొట్టం లోపలి నునుపును గీరేస్తుంది. సైన్యంలో మేము చిందీ అని పిలిచే ఫ్లానెల్ గుడ్డ ముక్కలు దీనికి చాలా బాగుంటాయి, పాత నూలు బనియన్లు కూడా పనికొస్తాయి. మొదట పొడి గుడ్డ ఒకటి రెండు సార్లు పంపి పాత నూనె తీసెయ్యాలి. కాల్చిన తుపాకీ అయితే కిరోసిన్‌లో ముంచిన కంచు బ్రష్షును ముందుకు తోసి, మొత్తం బయటికి వచ్చాకే వెనక్కి లాగండి. గొట్టం మధ్యలో బ్రష్షు తిప్పితే వెంట్రుకలు విరుగుతాయి. సీసం అంటుకున్న చోట గుడ్డ పట్టి లాగినట్టు చేతికి తెలుస్తుంది. ఆ పట్టు పోయేదాకా, గుడ్డ మీద బూడిద రంగు చార రావడం ఆగేదాకా చెయ్యాలి. ప్లాస్టిక్ తూటాలు కాలిస్తే చాంబరు ముందు సన్నటి ప్లాస్టిక్ పొర అంటుకుంటుంది. దాని కింద తేమ చిక్కుకుంటే పైకి కనపడకుండా తుప్పు పెరుగుతుంది, కాబట్టి అక్కడ ఇంకాస్త శ్రద్ధ పెట్టండి.

కిరోసిన్ మురికిని వదిలిస్తుందే గాని రక్షణ ఇవ్వదు, ఆరిపోతుంది. దానితో తుడిచి అలాగే వదిలేస్తే ఏమీ పూయనట్టే. చివరి గుడ్డ నూనెది. తుపాకీ నూనె దొరక్కపోతే మంచి కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె మాత్రం వద్దు. మన ఇళ్లలో చేతికి అందేది అదే కాబట్టి చాలామంది పూస్తారు. సంక్రాంతి చలికి అది గడ్డ కడుతుంది, కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టి ఉంచుతుంది, తాళాల్లోకి దిగితే గుర్రం కదలిక మందగిస్తుంది. నూనె కూడా పల్చగా, గుడ్డకు అంటిన తడి మాత్రమే ఉండాలి. కాల్చే ముందు గొట్టాన్నీ చాంబర్లనూ పొడిగుడ్డతో తుడిచి తీరాలి. చాంబరులో నూనె ఉంటే పేలేటప్పుడు తూటా డబ్బాకు గోడల పట్టు దొరకదు, వెనక్కి తన్నే బలం తుపాకీ వెనక భాగం మీద ఎక్కువ పడుతుంది.

ఎక్స్‌ట్రాక్టర్‌ను (తూటా డబ్బాను చాంబరులోంచి వెనక్కి తోసే భాగం) బయటికి లాగి దాని కింద తుడవడం మరిచిపోవద్దు. నేను చూసిన తుపాకీల్లో బయట మెరుస్తూ అక్కడ మాత్రం ఎర్రటి పొడి రాలేవే ఎక్కువ. కీలు దగ్గర బియ్యపు గింజంత గ్రీజు, తూటాను కొట్టే పిన్నులు బయటికి వచ్చే రంధ్రాల దగ్గర ఒక్క చుక్క నూనె. చెక్కకు అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి. చెక్క తాగినంతే తాగనిచ్చి మిగిలింది తుడిచెయ్యండి. గళ్లు చెక్కిన చోట నూనె పెడితే గాట్లలో జిగురు పేరుకుంటుంది, అక్కడ పాత పళ్ల బ్రష్షుతో దులిపితే చాలు.

దాచేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. చూడటానికి తలకిందులుగా అనిపిస్తుంది గాని, మూతి పైకి పెడితే నూనె కొద్దికొద్దిగా కిందికి జారి చెక్క మొదట్లో ఇంకుతుంది. ఏళ్లు గడిస్తే ఆ చెక్క నల్లబడి మెత్తబడి, ఒక రోజు కాల్చినప్పుడు చీలుతుంది. పాత తుపాకీల్లో ట్రిగ్గర్ వెనక నల్లటి మచ్చ కనిపిస్తే కారణం ఇదే.

బీరువా స్నానాల గది గోడకు గాని, వంటింటి గోడకు గాని ఆనుకుని ఉండకూడదు. లోపల పాత నూలు చీర ముక్క మీద తుపాకీ, అడుగున తేమ పీల్చే సిలికా జెల్ సంచులు. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే తేమతో నిండినట్టు. వాటిని తక్కువ మంట మీద, పాత పెనంపై, కిటికీ తెరిచి మెల్లగా వేడి చేస్తే మళ్లీ నీలం రంగుకు వస్తాయి. ఆ పెనాన్ని తిరిగి వంటకు వాడకండి, నీలం రంగుకు కలిపే కోబాల్టు మంచిది కాదు. కొందరు బీరువాలో చిన్న పాత రకం బల్బు వెలిగిస్తారు. వేడి వల్ల లోపలి గాలి పొడిబారుతుంది, పని చేస్తుంది. కానీ ఎల్‌ఈడీ బల్బులో ఆ వేడి ఉండదు, పాత బల్బయితే గుడ్డకు తగలకుండా జాగ్రత్త పడాలి, ఆ బీరువాలో తూటాలు అసలు ఉండకూడదు. నా మాట అడిగితే సిలికా జెల్లే మేలు.

బ్యాంకు గన్‌మ్యాన్లకు విడిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఏసీ గదిలో గంటల తరబడి నిలబడిన తుపాకీ చల్లబడుతుంది. క్యాష్ వ్యాను రాగానే దాన్ని పట్టుకుని బయటి ఉక్కలోకి వెళితే గొట్టం మీద ఒక్క క్షణంలో మంచు పట్టినట్టు చెమట పడుతుంది. బయట మాత్రమే కాదు, గొట్టం లోపల కూడా. పైన గుడ్డతో ఒకసారి తుడుచుకుని తృప్తి పడతారు, లోపలిది అలాగే ఉండిపోతుంది. రోజూ డ్యూటీ దిగాక చాంబర్లు ఖాళీ చేసి, రెండు గొట్టాల్లోనూ ఒక పొడి గుడ్డ, ఒక నూనె గుడ్డ పంపాలి. అయిదు నిమిషాల పని. దాన్ని మరుసటి రోజుకు వాయిదా వెయ్యకూడదు.

తూటాల దగ్గర ఇంకా కఠినంగా ఉండాలి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలు. ఇత్తడి అంచు మీద ఆకుపచ్చ చిలుం పట్టినా, కాగితపు తూటా ఉబ్బి చాంబరులోకి నున్నగా దిగకపోయినా, బలవంతం చేయకుండా పక్కన పెట్టండి. ఎండలో పెట్టి ఆరబెట్టి వాడదామనుకోవడం ప్రమాదం. తడిసిన మందు సగం మాత్రమే కాలితే "ఠప్" అని బలహీనమైన చప్పుడు వస్తుంది, సీసపు గుళ్ల వెనక ఉండే బిరడా గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అప్పుడు రెండో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. చప్పుడు తేడాగా అనిపించిన క్షణమే ఆగి, తుపాకీ సురక్షితమైన దిక్కుకు పట్టుకుని కొద్దిసేపు వేచి, తెరిచి, ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి.

పాత ఇంగ్లీషు తుపాకీలు ఉన్నవారు చాంబరు పొడవు కొలిపించుకోవాలి. చాలావాటిలో అది 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటాలు 70 మిల్లీమీటర్లు. ఈ కొలత కాల్చిన తరువాత డబ్బా పొడవు. కాల్చక ముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా 65 చాంబరులో చక్కగా కూర్చుంటుంది, ఏమీ తేడా తెలియదు. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు లేక, గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. "ఇన్నాళ్లూ బాగానే పేలిందండీ" అని చెప్పేవారికి నేను చెప్పేది ఒకటే, ప్రతిసారీ గొట్టం కొంచెం కొంచెం అలసిపోతోంది. గొట్టం మీద నీళ్ల అలల్లాంటి చారలుంటే అది చుట్టి అతికిన డమాస్కస్ ఇనుము కావచ్చు, దానిలో ఇప్పటి పొగలేని మందు తూటాలు వాడకూడదు.

ఖాళీ డబ్బాలు దాచి ఇంట్లో తిరిగి నింపుకుంటామని అడిగేవారున్నారు. మందుగుండు తయారీకి 1959 ఆయుధాల చట్టం ప్రకారం వేరే లైసెన్సు ఉండాలి, తుపాకీ దగ్గర ఉంచుకునే లైసెన్సు దానికి చెల్లదు. చట్టం సంగతి అటుంచినా, మందు బరువులో చిన్న తేడా వచ్చినా అనుభవించేది మీ చెయ్యి, మీ కన్ను. అలాగే 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం. కోరింగ మడ అడవుల్లోనో, కొల్లేట్లోనో పక్షుల మీదికి తుపాకీ ఎత్తడం నేరం. నేను చెప్పేదంతా తుపాకీని సరైన స్థితిలో ఉంచడం గురించే.

రైఫిళ్లు ఉన్న కొద్దిమందికి రెండు విషయాలు. పాత సైనిక రకం తూటాల్లో కొన్నిటి టోపీల్లో (దెబ్బ తగలగానే మందును అంటించే భాగంలో) పొటాషియం క్లోరేట్ ఉండేది. అవి పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. ఉప్పును నూనె కరిగించదు, నీళ్లే కరిగించాలి. కాబట్టి మరుగుతున్న నీళ్లు గరాటుతో పోసి, గొట్టం వేడికి దానంతట అది ఆరాక నూనె పెట్టాలి. రెండోది, పాత జమీందారీ ఇళ్లలో అక్కడక్కడా మిగిలిన .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం లాంటివి. 1912లో వచ్చిన ఆ తూటాకు అడుగున ఇత్తడి పట్టీ ఉంటుంది, చాంబరులో తూటా ఎంత లోతున ఆగాలో ఆ పట్టీయే నిర్ణయిస్తుంది. దానికోసం చాంబరు వెనక చెక్కిన గాడిలో తుప్పు గాని, ఎండిన గ్రీజు గాని ఉంటే తూటా పూర్తిగా కూర్చోదు, బోల్టు (చాంబరును వెనక నుంచి మూసే భాగం) మూయడానికి బలం పెట్టాల్సి వస్తుంది. అక్కడ అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి ప్రత్యేకంగా తుడవండి.

వరద గురించి చెప్పక తప్పదు. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ లంక గ్రామాల్లో ఇళ్లు ఎలా మునిగాయో చూసినవాళ్లం. జూన్ రాకముందే తుపాకీని మేడ మీదికి గాని, ఎత్తైన చోట ఉన్న ఇంటి బీరువాకు గాని మార్చండి. లైసెన్సు పుస్తకంలో ఉన్న చిరునామా కాకుండా వేరే ఇంట్లో పెట్టదలిస్తే, బంధువుల ఇల్లయినా సరే, ముందు పోలీసు స్టేషన్లో మాట్లాడండి. లేదా లైసెన్సు ఉన్న డీలరు దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ఒకవేళ మునిగితే, బురద ఆరనివ్వకండి. ఆరిన ఒండ్రు సిమెంటులా పట్టేసి, దాని కింద తుప్పు తింటుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి, ఆ తరువాత వేడినీళ్లు పోసి, నీడలో గాలికి ఆరబెట్టి, ఇనుప భాగాలన్నిటికీ ధారాళంగా నూనె పట్టించండి. చెక్కను ఎండలో పెట్టకండి, చీలుతుంది. ఇదంతా మరమ్మతుదారు చూసేవరకు నిలబెట్టడానికే, ఆయన తాళాలు విప్పి చూడకుండా ఆ తుపాకీలో తూటా పెట్టకూడదు. మునిగిన తూటాలను చెత్తలోనో కాలువలోనో పారేయకుండా స్టేషనుకు గాని, డీలరుకు గాని అప్పగించండి.

మిగిలింది ఎన్నికలప్పుడు తుపాకీని డిపాజిట్ చేయడం. కోడ్ వచ్చాక ఆదేశం అందితే తుపాకీ ఇచ్చేయాలి. 2024 ఎన్నికలు నడివేసవిలో వచ్చాయి, ఎండ ఉంది కదా అని చాలామంది నూనె లేకుండానే ఇచ్చారు. తిరిగి చేతికి వచ్చేది ఎప్పుడో తెలియదు, అక్కడ పక్కపక్కనే గోడకు ఆనించిన తుపాకీల్లో మీదొకటి. ఇచ్చే ముందు లోపలా బయటా మామూలు కంటే దండిగా నూనె పట్టించి, సన్నటి గ్రీజు పొర పూసి, నూనె గుడ్డ చుట్టి, మీ పేరు, తుపాకీ నంబరు రాసిన అట్ట ముక్క దారంతో ట్రిగ్గర్ గార్డుకు కట్టండి. గొట్టం మూతికి బిరడా మాత్రం పెట్టకండి. అది ఉన్నట్టు మరిచి ఎవరైనా కాలిస్తే గొట్టం పగులుతుంది, లోపలి తేమ కూడా బయటికి పోదు. రసీదులో నంబరుతో పాటు "గొట్టాలు తుప్పు లేకుండా ఉన్నాయి" అన్న మాట కూడా రాయించుకోండి. లైసెన్సు గడువు ఆ మధ్యలో తీరుతుందేమో కూడా చూసుకోండి, 2019 సవరణ తరువాత లైసెన్సు కాలపరిమితి అయిదేళ్లు. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే తుపాకీ మడిచి, చాంబర్లు చూసి, గొట్టాల్లోంచి కిటికీ వైపు చూసి, నంబరు సరిపోల్చుకుని, ఆ తరువాతే సంతకం పెట్టండి.